ముప్పై దాటిన భుజాలు: బేస్‌బాల్‌లో వెటరన్ పిచ్చర్ల కొనుగోలుపై ఒక సమీక్ష

2024 సీజన్‌లో కైల్ గిబ్సన్ అనే 36 ఏళ్ల పిచ్చర్ సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున 30 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. 169 ఇన్నింగ్స్‌కు పైగా బంతి విసిరి, ఏ పనికి జీతం ఇచ్చారో ఆ పని చేసిపెట్టాడు. మరుసటి ఏడాది మార్చిలో బాల్టిమోర్ ఓరియోల్స్ అదే పనికి అతన్నే 52.5 లక్షల డాలర్లకు తీసుకుంది. ఆడింది నాలుగు మ్యాచ్‌లు, పన్నెండు ఇన్నింగ్స్. సగటు 16.78 పరుగులు. మే నెల తిరక్కుండానే జట్టు అతన్ని వదిలేసింది.

మార్కెట్‌లో దొరికే అనుభవజ్ఞులతో పిచింగ్ వరుసను నింపుకోవడం తెలివైన పనా, డబ్బు దండగా? ఈ వాదనలో ఇరుపక్షాలూ గిబ్సన్‌నే సాక్షిగా పిలవొచ్చు. యాభై ఏళ్లుగా సాగుతున్న ఈ చర్చ ఇప్పుడు బాగా చిక్కుపడింది. చిక్కుకు కారణం సాక్ష్యాల కొరత అనిపించదు. వేర్వేరు అవసరాలకు చేసిన కొనుగోళ్లన్నిటినీ ఒకే కొలబద్దతో కొలుస్తున్నారు, గొడవంతా అక్కడే ఉంది.

అవసరం ఎక్కడిది

క్రికెట్ మాత్రమే ఎరిగిన పాఠకుల కోసం కొంత వివరణ. బేస్‌బాల్‌లో ఇన్నింగ్స్ అంటే మూడు అవుట్లు. ఒక మ్యాచ్‌లో ప్రతి జట్టుకూ తొమ్మిది ఇన్నింగ్స్. మేజర్ లీగ్‌లో జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది కాబట్టి దాని పిచ్చర్లు ఇంచుమించు 1,450 ఇన్నింగ్స్ వేయాలి. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌ను స్టార్టర్ అంటారు. ఒకసారి వేశాక నాలుగైదు రోజులు విశ్రాంతి ఇవ్వకపోతే చేయి నిలవదు. అందుకే ఐదుగురిని వంతులవారీగా దింపుతారు. ఆ వరుసే రొటేషన్. ఫీల్డింగ్ తప్పుల వల్ల వచ్చినవి వదిలేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే లెక్క ఈఆర్ఏ. నాలుగు దగ్గర ఉంటే ఫర్వాలేదు, మూడు దగ్గర ఉంటే గొప్ప, ఐదు దాటితే యాజమాన్యానికి నిద్ర పట్టదు.

స్టార్టర్లు వేసే ఇన్నింగ్స్ ఏటేటా తగ్గుతున్నాయి. ఒకప్పుడు ప్రతి జట్టులోనూ 200 ఇన్నింగ్స్ వేసేవాళ్లు ఒకరిద్దరైనా ఉండేవారు. 2024లో 30 జట్లలో కలిపి ఆ గీత తాకింది నలుగురే: లోగన్ గిల్బర్ట్, సెత్ లూగో, లోగన్ వెబ్, జాక్ వీలర్. మోచేతి గాయాలు పెరిగాయి. ఐదుగురితో సీజన్ మొదలుపెట్టిన జట్టు చివరికి పది పన్నెండు మందిని వాడక తప్పడం లేదు. ఆ ఏడాది చాంపియన్ అయిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఏకంగా 17 మందితో మ్యాచ్‌లు మొదలుపెట్టించింది.

ఈ ఖాళీని మూడు దారుల్లో పూడ్చుకోవచ్చు. సొంత కుర్రాళ్లను తయారుచేసుకోవడం, యువ ఆటగాళ్లను ఇచ్చి ఇంకో జట్టు నుంచి పిచ్చర్‌ను తెచ్చుకోవడం, ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఫ్రీ ఏజెంట్‌ను డబ్బిచ్చి తీసుకోవడం. మొదటిదానికి ఏళ్లు పడుతుంది, రెండోదానికి భవిష్యత్తును తాకట్టు పెట్టాలి. మూడోదానికి డబ్బు తప్ప పెద్దగా ఏమీ ఇవ్వనక్కర్లేదు. చేయవలసింది సులువుగా కనబడుతుంది కాబట్టే పొరపాట్లూ ఇక్కడే ఎక్కువ.

ఈ మార్కెట్‌కు పునాది వేసింది పిచ్చర్లే

1970ల దాకా అమెరికా బేస్‌బాల్ ఆటగాడు ఒక రకంగా జట్టు ఆస్తి. ఒప్పందం ముగిసినా అతనిపై హక్కు జట్టుకే మిగిలేలా 'రిజర్వ్ క్లాజ్' అనే నిబంధన ఉండేది. కర్ట్ ఫ్లడ్ అనే అవుట్‌ఫీల్డర్ దాన్ని సవాలు చేసి 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. తలుపు తెరిచింది మాత్రం పిచ్చర్లు. 1974 డిసెంబరులో ఓక్లాండ్ యజమాని చార్లీ ఫిన్లీ ఒప్పందం ప్రకారం కట్టాల్సిన డబ్బు కట్టలేదని తేలడంతో, మధ్యవర్తి పీటర్ సైట్జ్ 'క్యాట్‌ఫిష్' హంటర్‌కు స్వేచ్ఛ ఇచ్చాడు. దాదాపు అన్ని జట్లూ వెంటపడ్డాయి. ఏడాది ఆఖరి రోజున న్యూయార్క్ యాంకీస్ అతన్ని ఐదేళ్లకు, ముప్పై లక్షల డాలర్లకు పైగా ఇచ్చి దక్కించుకుంది. మరుసటి డిసెంబరులో అదే సైట్జ్, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్ల కేసులో రిజర్వ్ క్లాజ్‌నే కూల్చేశాడు. తీర్పు వెలువడగానే యజమానులు సైట్జ్‌ను పదవి నుంచి తొలగించారు. తీర్పు మాత్రం నిలిచింది.

హంటర్ ఒప్పందంలోనే తర్వాతి యాభై ఏళ్ల కథంతా ఉంది. తొలి ఏడాది 328 ఇన్నింగ్స్, 23 విజయాలు. ఆ తర్వాత భుజం నొప్పి, తగ్గుతూ వచ్చిన మ్యాచ్‌లు, 33వ ఏట విరమణ. మధ్యలో యాంకీస్ రెండుసార్లు చాంపియన్ అయింది. ఇది లాభమా, నష్టమా? పెట్టిన ప్రతి డాలర్‌కూ ఎన్ని విజయాలు వచ్చాయని చూసేవాడు ఒకటి చెబుతాడు, ట్రోఫీలు లెక్కపెట్టేవాడు ఇంకొకటి చెబుతాడు.

1976లో ఆటగాళ్ల సంఘం, యజమానులు కుదుర్చుకున్న ఒప్పందం ఫ్రీ ఏజెంట్ కావాలంటే మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు ఉండాలని నిర్ణయించింది. ఆ నిబంధన నేటికీ ఉంది. పైకి పొడి నిబంధనలా కనబడే ఈ ఆరేళ్లే మన ప్రశ్నకు అసలు మూలం. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లకు మేజర్ లీగ్ గడప తొక్కిన పిచ్చర్ తనను తాను అమ్ముకునే నాటికి ముప్పై దాటుతుంది. అతని చేతిలోని చురుకైన ఏళ్లను మొదటి జట్టు తక్కువ జీతానికి వాడేసుకుంటుంది. 2025లో కనీస జీతం 7.6 లక్షల డాలర్లు. తొలి మూడేళ్లు చాలామందికి దక్కేది అంతకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అంటే బజారుకు వచ్చే పిచ్చర్ దాదాపు ఎప్పుడూ వెటరనే. కొనే జట్టు చెల్లించేది గడిచిపోయిన ఏళ్ల పేరుకు, పొందేది మిగిలిన ఏళ్ల పని. పోయినేటి కాపు చూసి ఈ ఏడు మామిడితోట గుత్తకు తీసుకున్నట్టు.

వయసు వాదం, దానికి ఎదురు నిలిచినవాళ్లు

మొదటి పక్షం గణాంకాలది. బిల్ జేమ్స్ 1980లలో ఆటగాళ్లు ఇరవైల చివర్లోనే శిఖరం చేరతారని అంకెలతో చూపినప్పటి నుంచి ఈ వాదం బలపడుతూ వచ్చింది. 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్, బ్యాట్‌కు తగిలి మైదానంలో పడిన బంతి హిట్ అవుతుందా అవుటవుతుందా అన్నది పిచ్చర్ చేతిలో ఉండేది చాలా తక్కువని చెప్పాడు. దాంతో ఒక్క సీజన్ ఈఆర్ఏ చూసి డబ్బు కురిపించడం ఎంత ప్రమాదమో అర్థమైంది. ముప్పై దాటాక వేగం తగ్గుతుంది, గాయాలు పెరుగుతాయి, ధర మాత్రం పేరును బట్టి పలుకుతుంది. కాబట్టి వెటరన్‌ను కొనకు, కొంటే ఏడాది రెండేళ్లకు మించి మాట ఇవ్వకు. ఈ పక్షం సారాంశం ఇదే.

ఎదురు సాక్ష్యం తక్కువేమీ లేదు. 1974లో మోచేతి స్నాయువుకు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేతిలో తొలి శస్త్రచికిత్స చేయించుకున్న టామీ జాన్‌ను యాంకీస్ 1978లో 35 ఏళ్ల వయసులో తీసుకుంటే, వరుసగా 21, 22 విజయాలు సాధించాడు. 46 ఏళ్ల దాకా ఆడాడు. ఆ శస్త్రచికిత్సకు అతని పేరే స్థిరపడింది. నోలన్ ర్యాన్‌ను టెక్సస్ రేంజర్స్ 1988 డిసెంబరులో 41 ఏళ్లకు తీసుకుంది. మరుసటి ఏడాది 301 మందిని స్ట్రైకౌట్ చేశాడు, 44 ఏళ్లకు ఏడో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్) వేశాడు. మిన్నెసోటాకు 1991లో వచ్చిన జాక్ మోరిస్ తుది పోరైన వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో పది ఇన్నింగ్స్ ఒంటరిగా వేసి 1-0తో గెలిపించాడు.

1998 చలికాలం ఈ వాదానికి దొరికిన మంచి పరీక్ష. 33 ఏళ్ల కెవిన్ బ్రౌన్‌కు డాడ్జర్స్ ఏడేళ్లకు 10.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. బేస్‌బాల్ చరిత్రలో పది కోట్లు దాటిన తొలి ఒప్పందం అదే. 35 ఏళ్ల రాండీ జాన్సన్‌కు అరిజోనా నాలుగేళ్లకు అయిదు కోట్ల పైచిలుకు ఇచ్చింది. వయసు వాదం ప్రకారం ప్రమాదం జాన్సన్‌లోనే ఎక్కువ. అతను 1999 నుంచి 2002 దాకా నాలుగేళ్లూ వరుసగా లీగ్ ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు, 2001లో జట్టును చాంపియన్ చేశాడు. బ్రౌన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు అద్భుతంగా వేశాడు, కానీ ఆరోగ్యంగా లేని సీజన్లు ఎక్కువయ్యాయి.

అయితే మినహాయింపుల పేర్లు మనకు గుర్తుండిపోయేది వాళ్లు మినహాయింపులు కావడం వల్లనే. ఒక జాన్సన్‌ను చూపి వయసు వాదాన్ని కొట్టేయలేం. పైగా 2004కు ముందు కాలపు గణాంకాలపై నిషిద్ధ ఉత్ప్రేరకాల నీడ ఉంది. 2007 మిచెల్ నివేదిక ఆ వ్యవహారాన్ని బయటపెట్టింది. నలభైకి దగ్గరపడి కూడా రాణించినవారిలో ఎవరిది సహజమైన మన్నికో వేరుచేసి చెప్పడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు.

దీర్ఘకాల ఒప్పందాల విషయంలో నేర్చుకోవాల్సిందంతా ఒక్క వాషింగ్టన్ నేషనల్స్ దగ్గరే దొరుకుతుంది. 2015 జనవరిలో మ్యాక్స్ షెర్జర్‌కు ఏడేళ్లు, 21 కోట్లు: రెండు సై యంగ్‌లు, 2019 వరల్డ్ సిరీస్. 2018 డిసెంబరులో పాట్రిక్ కార్బిన్‌కు ఆరేళ్లు, 14 కోట్లు: తొలి ఏడాది చాంపియన్ జట్టులో కీలకపాత్ర, తర్వాత 2021 నుంచి మూడేళ్లు వరుసగా నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఓటములు. 2019 డిసెంబరులో స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కు ఏడేళ్లు, 24.5 కోట్లు: ఎనిమిది మ్యాచ్‌లు, ఆపై విరమణ. ఒకే యాజమాన్యం, ముగ్గురికీ ముప్పైకి అటూ ఇటూ వయసు, మూడు రకాల ఫలితాలు. ముందుగా ఊహించగలిగామని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు.

ఇన్నింగ్స్ వాదం

రెండో పక్షం గొప్పతనం గురించి మాట్లాడదు. దాని లెక్క వేరు. 170 ఇన్నింగ్స్ వేసే పిచ్చర్ జట్టు మొత్తం పనిలో తొమ్మిదో వంతుకు పైగా మోస్తాడు. అతని ఈఆర్ఏ 4.30 ఉన్నా సరే, ఆ ఇన్నింగ్స్ వేయడానికి అతను లేకపోతే ఎవరొస్తారన్నదే ప్రశ్న. మైనర్ లీగ్ నుంచి హడావుడిగా పిలిచిన కుర్రాడు 5.50 ఇస్తాడు, అతను నాలుగో ఇన్నింగ్స్‌లో దిగిపోతే బుల్‌పెన్ (స్టార్టర్ దిగాక వేసే రిలీవర్ల బృందం) మొత్తం అలసిపోతుంది, ఆ అలసట మర్నాటి మ్యాచ్‌కూ పాకుతుంది. కాబట్టి మధ్యరకం వెటరన్ విలువ అతనిలో కన్నా అతని వెనకున్న ఖాళీలో ఎక్కువ.

ఈ వాదం నాకు సబబుగా అనిపిస్తుంది, ఒక్క షరతుతో. ఇన్నింగ్స్ కోసం కొన్నవాడు ఇన్నింగ్స్ వేయాలి. గత మూడేళ్లు 170 వేశాడు కాబట్టి నాలుగో ఏడూ వేస్తాడన్న నమ్మకంలోనే మొత్తం బేరం నిలబడి ఉంటుంది. 37 ఏళ్ల వయసులో ఆ నమ్మకం ఎంత పలచనో గిబ్సన్ కథ చెబుతుంది.

సమయం కొనుక్కోవడం

మూడో పక్షం పునర్నిర్మాణంలో ఉన్న జట్లది. 2017లో కొత్త స్టేడియంలో అడుగుపెట్టిన అట్లాంటా బ్రేవ్స్ దాదాపు తిరగకుండా ఊగుతూ వచ్చే 'నకల్‌బాల్' వేసే 42 ఏళ్ల ఆర్.ఏ. డికీని, 43 ఏళ్ల బార్టోలో కొలోన్‌ను ఏడాది ఒప్పందాలతో తెచ్చుకుంది. ఆ ఇద్దరితో ట్రోఫీ వస్తుందని ఎవరూ అనుకోలేదు. కింద తయారవుతున్న కుర్రాళ్లను తొందరపడి పైకి లాగకుండా ఒక ఏడాది గడపాలి, అంతే. కొలోన్ 13 మ్యాచ్‌ల్లో 8.14 సగటుతో విఫలమై జులైలో వెళ్లిపోయాడు. డికీ 4.26తో సీజన్ పూర్తిచేశాడు. జట్టు 90 మ్యాచ్‌లు ఓడింది. మరుసటి ఏడాది అదే జట్టు 90 గెలిచి డివిజన్‌లో మొదటిస్థానంలో నిలిచింది. డికీ, కొలోన్ వల్ల అది జరిగిందనలేం; వాళ్ల వల్ల ఏదీ చెడలేదని మాత్రం చెప్పొచ్చు. ఒప్పందం ఏడాదికే కావడం వల్ల పొరపాటు పొరపాటుగానే ముగిసింది, అప్పుగా మిగల్లేదు.

పెద్దవాళ్ల సావాసంలో కుర్రాళ్లు నేర్చుకుంటారన్న మాట కూడా ఈ పక్షం తరచూ వాడుతుంది. ఆటగాళ్లే ఆ మాట చెబుతారు కాబట్టి కొట్టిపారేయలేం. కొలిచే సాధనం లేదు కాబట్టి ధర కట్టనూ లేం. ఒప్పంద ప్రకటన రోజు జనరల్ మేనేజర్ నోట 'క్లబ్‌హౌస్ నాయకత్వం' వినబడితే, మైదానంలో ఏమాశిస్తున్నాడో కూడా అడగడం మంచిది.

ఇటీవలి ప్రయోగాలు

గత నాలుగేళ్లు ఈ చర్చకు మంచి సరంజామా ఇచ్చాయి. 2023లో 71 విజయాలతో డివిజన్‌లో అట్టడుగుకు పడిపోయిన కార్డినల్స్, ఆ నవంబరులో వారం పది రోజుల్లోనే ముగ్గురిని తీసుకుంది: సోనీ గ్రే, లాన్స్ లిన్, గిబ్సన్. గ్రేకు 34, మిగిలిన ఇద్దరికీ 36. అమెరికా క్రీడాపత్రికలు నవ్వాయి. అంతకుముందు ఏడాది లిన్ 44 హోమ్ రన్లు ఇచ్చుకున్నాడు మరి. ఫలితం నవ్వినంత చెడ్డగా లేదు. గ్రే, లిన్ ఇద్దరి ఈఆర్ఏ 3.84, గిబ్సన్‌ది 4.24. జట్టు 83 గెలిచింది, ప్లేఆఫ్‌కు మాత్రం చేరలేదు. అంటే పిచింగ్ ప్రణాళిక నెగ్గింది, జట్టు నెగ్గలేదు. ఈ రెండింటినీ కలిపి తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువ.

అదే చలికాలంలో, 106 మ్యాచ్‌లు ఓడి వచ్చిన కాన్సస్ సిటీ రాయల్స్ 34 ఏళ్ల సెత్ లూగోకు మూడేళ్లకు 4.5 కోట్లు, 32 ఏళ్ల మైకేల్ వాకాకు రెండేళ్లకు 3.2 కోట్లు ఇచ్చింది. లూగో కెరీర్‌లో ఎక్కువకాలం బుల్‌పెన్‌లో గడిపినవాడు, చేతిపై అరుగుదల తక్కువ. 206 ఇన్నింగ్స్ వేసి సై యంగ్ ఓటింగ్‌లో రెండోస్థానంలో నిలిచాడు. వాకా 13 గెలిచాడు. జట్టు 86 విజయాలతో ప్లేఆఫ్‌కు చేరి, తొలి రౌండ్‌లో ఓరియోల్స్‌ను రెండు మ్యాచ్‌ల్లోనే ఇంటికి పంపింది. ఇక్కడ డబ్బుతో పాటు ఎంపిక కూడా పనిచేసింది: వయసు ఒకటే కాదు, ఆ చేయి అప్పటికి ఎంత పని చేసిందో చూశారు.

ఓడిన ఓరియోల్స్ దగ్గరికి వద్దాం. ఆ జట్టుకు అంతకుముందు రెండేళ్లలో 101, 91 విజయాలు. 2024-25 చలికాలంలో దాని ప్రధాన పిచ్చర్ కార్బిన్ బర్న్స్ ఆరేళ్లకు 21 కోట్లకు అరిజోనా వెళ్లిపోయాడు. అతని బదులు 41 ఏళ్ల చార్లీ మోర్టన్‌ను 1.5 కోట్లకు, జపాన్ నుంచి 35 ఏళ్ల టొమొయుకి సుగానోను 1.3 కోట్లకు, ఆఖర్లో గిబ్సన్‌ను తెచ్చింది. అన్నీ ఏడాది ఒప్పందాలే. గణాంక పక్షం మెచ్చే పద్ధతే. మోర్టన్ మొదటి నెల రోజుల్లోనే కుదేలై, తర్వాత కాస్త కోలుకుని, జులై చివర డెట్రాయిట్‌కు బదిలీ అయ్యాడు. సుగానో 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి 4.64తో ముగించాడు. మే నెలలో మేనేజర్ బ్రాండన్ హైడ్ ఉద్యోగం పోయింది. జట్టు 75 విజయాలకు పడిపోయింది. సొంత గూటిలో ఎదిగిన గ్రేసన్ రోడ్రిగెజ్ గాయంతో ఏడాదంతా ఒక్క బంతి వేయలేదు. కైల్ బ్రాడిష్ అప్పటికి శస్త్రచికిత్స నుంచి ఇంకా కోలుకుంటున్నాడు. అసలు దెబ్బ అక్కడ తగిలింది. వెటరన్లను గోడకు ఆసరాగా తెచ్చి, గోడే వాళ్ల మీద నిలిచేలా చేశారు.

ఇంతకీ వదులుకున్న బర్న్స్ కూడా అదే జూన్‌లో మోచేతి శస్త్రచికిత్సకు వెళ్లాడు. ఓరియోల్స్ యాజమాన్యాన్ని తిట్టినవాళ్లలో కొందరు ఈ సంగతి చెప్పరు.

న్యూయార్క్ మెట్స్ రెండు పద్ధతులూ ప్రయత్నించింది. యజమాని స్టీవ్ కోహెన్ 2021లో 37 ఏళ్ల షెర్జర్‌కు మూడేళ్లకు 13 కోట్లు, 2022లో 39 ఏళ్ల జస్టిన్ వెర్లాండర్‌కు రెండేళ్లకు 8.67 కోట్లు ఇచ్చాడు. ఏడాదికి తలా 4.33 కోట్లు. 2023లో జట్టు 75 గెలిచి చతికిలబడింది. సీజన్ మధ్యలోనే వాళ్ల జీతంలో పెద్ద వాటా తామే కడుతూ ఇద్దరినీ పంపేసి, బదులుగా కుర్రాళ్లను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది డేవిడ్ స్టెర్న్స్ నాయకత్వంలో లూయిస్ సెవెరినోను 1.3 కోట్లకు, షాన్ మనాయాను రెండేళ్లకు 2.8 కోట్లకు తీసుకుంటే, ఇద్దరూ తలా 180 ఇన్నింగ్స్ దాటారు, జట్టు లీగ్ ఫైనల్‌కు చేరింది. అక్కడితో ఆపితే కథ చక్కగా ఉండేది. అదే మనాయాకు మళ్లీ మూడేళ్లకు 7.5 కోట్లు ఇచ్చారు. 2025లో గాయపడి, 5.64తో మిగిలాడు.

చివరగా టెక్సస్. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు రేంజర్స్ ఊరి జట్టు. 2022లో 94 ఓడిన ఈ జట్టు, ఆ డిసెంబరులో 34 ఏళ్ల జేకబ్ డిగ్రామ్‌కు ఐదేళ్లకు 18.5 కోట్లు, 32 ఏళ్ల నేథన్ ఇవాల్డీకి రెండేళ్లకు 3.4 కోట్లు ఇచ్చింది. డిగ్రామ్ ఆరు మ్యాచ్‌లకే శస్త్రచికిత్సకు వెళ్లాడు. ఇవాల్డీ ప్లేఆఫ్స్‌లో ఓటమి లేకుండా ఐదు గెలిచాడు, మెట్స్ వదిలించుకున్న షెర్జర్ కూడా వచ్చి చేరాడు, రేంజర్స్ తొలిసారి వరల్డ్ సిరీస్ నెగ్గింది. నమ్ముకున్న గుర్రం కుంటుపడినా బండి ఆగలేదు, ఎందుకంటే ఒక్కడి మీద పందెం కాయలేదు. డిగ్రామ్ 2025లో తిరిగొచ్చి 12 గెలిచాడు. తల్లి వైపు భారత మూలాలున్న కుమార్ రాకర్ కూడా ఈ జట్టు రొటేషన్‌లోనే చోటు కోసం పోరాడుతున్నాడు. వెటరన్ల బేరాలు కుర్రాళ్ల చోటును ఎలా కుదిస్తాయో, ఎలా కాపాడతాయో అతని ప్రయాణంలో చూడొచ్చు.

పక్కపక్కన పెడితే

సెయింట్ లూయిస్ ఇన్నింగ్స్ కొన్నది, దొరికాయి. బాల్టిమోర్ కూడా వాటినే కొన్నది, కానీ వెళ్లిపోయిన ప్రధాన పిచ్చర్ లోటునూ వాటితోనే పూడ్చాలనుకుంది. కాన్సస్ సిటీ తక్కువ అరిగిన చేతిని వెతికి పట్టుకుంది. మెట్స్ మొదటిసారి పేరు కొన్నది, రెండోసారి కోలుకునే అవకాశం కొన్నది, మూడోసారి ఆ అవకాశానికి పేరు ధర చెల్లించింది. టెక్సస్ అన్ని రకాలూ కొని, వాటిలో ఏది ఫలిస్తే దాని మీద నడిచింది. అట్లాంటా సమయం కొన్నది.

అన్నిటిలోనూ కనబడేది ఒకటుంది. వయసు కన్నా ఒప్పందం పొడవు ఎక్కువ బాధించింది. ఒప్పందం పొడవు కన్నా, వెనక ఆరో, ఏడో పిచ్చర్ లేకపోవడం ఇంకా ఎక్కువ బాధించింది. 36 ఏళ్ల వాళ్లిద్దరితో కార్డినల్స్ గట్టెక్కింది, 41 ఏళ్లవాడితో పాటు ఇద్దరు ఓరియోల్స్‌ను ముంచారు అని చెప్పడం తేలిక. కానీ తేడా వయసులో కన్నా, ఆ చేతులు విఫలమైన రోజు బంతి ఎవరికి ఇస్తారన్న ప్రశ్నలోనే ఎక్కువ ఉంది.

ఇంకా తేలనివి

మొదటిది, వేగం. 2008లో సగటు ఫాస్ట్‌బాల్ గంటకు 91 మైళ్ల చిల్లర ఉండేది, 2024 నాటికి 94 దాటింది. ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరడమే గాయాలకు ఒక ముఖ్య కారణమని 2024 డిసెంబరులో మేజర్ లీగ్ విడుదల చేసిన నివేదికే అంది. ఇలా పెరిగిన తరం నలభైకి చేరినప్పుడు మోర్టన్‌లా నిలుస్తుందా? పాత తరం వేగం తగ్గాక మోసపు బంతులతో, నియంత్రణతో నెట్టుకొచ్చింది. జేమీ మోయర్ 49 ఏళ్లకు మ్యాచ్ గెలిచాడు. అటువంటి పిచ్చర్లను తయారుచేసే పద్ధతే ఇప్పుడు మాయమవుతోంది. ముప్పైల చివర్లో కొనడానికి వెటరన్లే దొరక్కపోవచ్చు.

రెండోది, ఆలస్యపు ఒప్పందాలు. మార్చి దాకా బేరం కుదరక, శిక్షణ శిబిరం తప్పిపోయినవాళ్లు తడబడతారని ఒక నమ్మకం ఉంది. 2024లో జోర్డన్ మాంట్‌గమరీ 6.23 సగటు దానికి బలమిచ్చింది. బ్లేక్ స్నెల్ మొదట్లో తడబడి, ఆగస్టులో నో-హిట్టర్ వేసి అయోమయం పెంచాడు. 2025 మార్చిలో గిబ్సన్ బాల్టిమోర్‌కు వెళ్లిన వారంలోనే, ఓటముల అపఖ్యాతి మోసిన పాట్రిక్ కార్బిన్‌ను 11 లక్షల డాలర్లకు రేంజర్స్ తీసుకుంది. గిబ్సన్ నాలుగు మ్యాచ్‌లకే ముగిస్తే, కార్బిన్ 4.40 సగటుతో 150 ఇన్నింగ్స్ దాటాడు. ఒకే వారం, ఒకే తరహా బేరం, తలకిందులైన ఫలితం. దీనిపై సూత్రం రాయాలనుకునేవాళ్లు కొంతకాలం ఆగడం మంచిది.

మూడోది, ఇన్నింగ్స్‌కు విలువ ఎంతకాలం నిలుస్తుందన్నది. 2018 మేలో టాంపా బే రేస్ రిలీవర్ సెర్జియో రోమోతో మ్యాచ్ మొదలుపెట్టించి 'ఓపెనర్' పద్ధతికి తెర తీసింది. డాడ్జర్స్ లాంటి ధనిక జట్లు సీజన్ మధ్యలో ఎవరు ఎన్ని ఇన్నింగ్స్ వేశారని పట్టించుకోవు; అక్టోబరుకు ముగ్గురు ఆరోగ్యంగా ఉంటే చాలు. అందరూ ఆ దారి పడితే మధ్యరకం వెటరన్‌కు గిరాకీ తగ్గాలి. ఇప్పటిదాకా తగ్గలేదు, ఎందుకంటే డాడ్జర్స్‌లా 17 మందిని పోషించే జట్లు ఎక్కువ లేవు.

నాలుగోది నిబంధనల సంగతి. ఆరేళ్ల సర్వీసు, పెద్ద ఫ్రీ ఏజెంట్‌ను తీసుకుంటే కొన్నిసార్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అవకాశం వదులుకోవాల్సి రావడం, జీతాల మొత్తం గీత దాటితే కట్టాల్సిన పన్ను: ఇవన్నీ కలిసే ఈ మార్కెట్ ఆకారాన్ని నిర్ణయిస్తున్నాయి. 2025లో ఆ పన్ను గీత 24.1 కోట్లు. సర్వీసు ఆరు నుంచి ఐదేళ్లకు తగ్గినా, జీతాలపై గట్టి పరిమితి వచ్చినా, ముప్పై దాటిన పిచ్చర్ ధర మొదట మారుతుంది.

నా మటుకు తీర్పు ఇది. ఇన్నింగ్స్ కోసం ఒక వెటరన్‌ను, ఏడాది రెండేళ్లకు, వెనక ఇద్దరు కుర్రాళ్లు సిద్ధంగా ఉండగా తీసుకోవడంలో తప్పు లేదు. ముగ్గురిని ఒకేసారి తీసుకుని అదే రొటేషన్ అనుకునే జట్టు జూదమాడుతోంది. కార్డినల్స్ ఆ జూదంలో బయటపడింది, ఓరియోల్స్ పడలేదు. ప్రధాన పిచ్చర్ స్థానాన్ని మధ్యరకం వెటరన్లతో పూడ్చలేరు, ఎంతమందిని పెట్టినా. మిగతా వాదన యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య తేలాలి. వాళ్ల ప్రస్తుత ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1.